సాగర్‌కు బయల్దేరి ఎల్‌బీ నగర్ దాకా

దిల్‌సుఖ్‌నగర్‌లో సిటీ బస్సెక్కి టికెట్టు తీసుకుని, కండక్టరు ఇచ్చిన చిల్లర జేబులో వేసుకునేలోపు ఎల్‌బీ నగర్ వస్తుంది. ఆ దూరం పోయి రావడానికి నాకూ నా భార్య యాదమ్మకూ వారం పట్టింది. నిజానికి మేము బయల్దేరింది నాగార్జునసాగర్ చూడ్డానికి. సాగర్ గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ దారి గురించి ఎవరూ రాసినట్టు లేదు. పైగా ఈ దారిలో నేనన్న ఒక మాట నాకంటే ముందు ఊరంతా తిరిగింది. దాన్ని వెనక్కి పిలవడానికి, జరిగింది జరిగినట్టు రాయడం తప్ప నాకు వేరే ఉపాయం తోచలేదు.

మా వాకిలి

దిల్‌సుఖ్‌నగర్ పక్కన మా కాలనీ కొత్తది. ఇళ్లకంటే హద్దురాళ్లే ఎక్కువ. నీళ్ల ట్యాంకరు వచ్చిందంటే పండగ. మేము నల్లగొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి ఇల్లు కట్టుకున్నాం. పక్కింటి సుబ్బారావు గారు గుంటూరు వైపు నుంచి వచ్చారు. ఆయన గోడకు ఇంకా సున్నం వేయలేదు, మా గోడకు ఇంకా గేటు పెట్టలేదు. అందుకని రెండు కుటుంబాలకూ మంచి స్నేహం.

మేము బయల్దేరిన మోటారు సైకిలు ఇంగ్లిష్‌ది. వయసులో నాకంటే నాలుగైదేళ్లు చిన్నది. మా ఆఫీసు గోడౌనులో టైర్లు కూడా లేకుండా పడి ఉంటే వేలంలో కొన్నాను. ఇంటికి తెచ్చిన రోజున పాలతను చుట్టూ తిరిగి చూసి, "సారూ, గీ ఫట్‌ఫటీ పెట్రోలుతోని నడుస్తదా, ఎడ్లు కట్టాల్నా?" అన్నాడు.

దానికి ప్రాణం పోస్తానని ముందుకొచ్చింది యాదమ్మ తమ్ముడు శంకర్. ఎల్‌బీ నగర్ చౌరస్తా దగ్గర ఏడాది కింద రేకుల షెడ్డు కిరాయికి తీసుకుని మెకానిక్ పని మొదలుపెట్టాడు. పని తెలిసినవాడే. తనకు తెలుసన్న సంగతి ఇంకా బాగా తెలిసినవాడు.

"బావా, నేను బిగించినంక దీన్ని తయారు చేసినోడు ఒచ్చినా గుర్తు పట్టడు."

"గట్ల చెయ్యకు శంకర్. జర గుర్తు పట్టేటట్లే చెయ్."

సెలవు దొరికినప్పుడల్లా వచ్చి మా వరండాలో గోనెపట్టా పరిచి ఇంజను విప్పేవాడు. అరిగిన బేరింగులు మార్చాడు. కింది సగం బిగించాడు. పైన సిలిండరు, పక్కన మూత ఇంకా పెట్టాల్సి ఉండగా దసరా వచ్చింది.

ఆ రోజు కాలనీ మొత్తం మా వాకిట్లోనే ఉంది. సుబ్బారావు గారి స్కూటరు, రెండు మోపెడ్లు, పిల్లల సైకిళ్లు, ఎదురింటి కుట్టుమిషను వరసగా పెట్టాం. మధ్యలో పెళ్లికొడుకులా మా ఇంజను, బంతిపూల దండతో. యాదమ్మ తాంబాళం నిండా పసుపు కలిపిన అక్షతలు తెచ్చింది. జమ్మి ఆకు చేతిలో పెట్టి కౌగిలించుకున్న ప్రతివాళ్లూ అక్షతలు తీసుకుని వేశారు. మా పల్లెలో నాగలికీ ఎడ్లకూ ఇలాగే వేస్తాం. వేయడమంటే పిడికెడు వేయడమే. సుబ్బారావు గారు మాత్రం మూడు వేళ్లతో నాలుగు గింజలు తీసి సుతారంగా విదిలించారు. "అట్ల విదిలిస్తే దేవునికి ఆనుతదా?" అని యాదమ్మ ఆయన దోసిట్లో నింపింది.

దీపావళికి ఇంజను పూర్తయింది. ఈ బండికి నూనె వేరే ట్యాంకులో ఉంటుంది. అక్కణ్నుంచి పంపు దాన్ని ఇంజనులోకి తోస్తుంది, తిరిగి ట్యాంకులోకి తెస్తుంది. మూత తీసి చూస్తే ధార పడుతూ కనిపిస్తుంది. శంకర్ చూశాడు, నన్నూ చూడమన్నాడు. ధార చక్కగా పడుతోంది. ఇంకేం కావాలి? వారం సెలవు పెట్టాను.

ఆదివారం పొద్దున మాకు జరిగిన సాగనంపులు కాశీకి పోయేవాళ్లకు కూడా జరగవు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. కొబ్బరికాయ కొట్టారు. నా మెడలో ఒకటి, బండికి ఒకటి దండలు. "గేట్లు ఎత్తారేమో చూసి రండి. చేపల పులుసు తినకుండా మాత్రం రావద్దండీ" అన్నారు సుబ్బారావు గారు.

కొత్తపేట

చైతన్యపురి దాకా నేను రాజును. కోస్తావాళ్లు కొత్తగా పెట్టిన టిఫిను హోటలు ముందు ఆగి పెసరట్టు తిన్నాం. రెండు రూపాయలు. లోపల ఉప్మా పెట్టి ఇచ్చారు. "టిఫిను లోపల ఇంకో టిఫిను ఏంది?" అని యాదమ్మ విప్పి చూసింది. అల్లం పచ్చడి మాత్రం రెండోసారి అడిగింది.

అక్కణ్నుంచి కొంచెం ముందుకు వెళ్లామో లేదో చప్పుడు మొదలైంది. ముందు ఎక్కడో ఎవరో మిరియాలు దంచుతున్నట్టు. వేగం పెంచితే దంచే చెయ్యి మారి, రోట్లో కారం దంచుతున్నట్టు. కొత్తపేటలో ఒక చాయ్ హోటలు ముందు బండి ఆపేసరికి లోపల కమ్మరి కూర్చున్నాడు.

బండి ఆగితే మన ఊళ్లో ఎవరూ ఒంటరి కాదు. చాయ్ గ్లాసుతోనే వచ్చిన బస్సు డ్రైవరు "టాపెట్ లూజు" అన్నాడు. సిమెంటు లారీ క్లీనరు "చైను జూడు అన్నా, చైను" అన్నాడు. రిటైరైన పంతులుగారు ఒకాయన చప్పుడు వినకుండానే నా నక్షత్రం అడిగి, శని అన్నాడు.

హోటలు యజమాని బాల్‌రెడ్డి. ఆ ఊరి పాత రైతు. ఆయన ఏమీ అనకుండా బండి స్టార్ట్ చేయమని, చేతికర్ర ఒక కొస ఇంజను మీద ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకున్నాడు. పైన పెట్టాడు, పక్కన పెట్టాడు, చివరికి అడుగున పెట్టి తలాడించాడు.

"బంజెయ్యి సారూ. లోపల పెద్ద బేరింగు పోయింది. నా ట్రాక్టరు గిట్లనే మొత్తుకున్నది. ఇంజను కొత్తగ బిగించినట్టుంది, ఎవరు బిగించిండు?"

అప్పటికి చుట్టూ చాలామంది ఉన్నారు. నా మెడలో దండ ఇంకా ఉంది. సిగ్గు ఎటు పోవాలో తెలియక నోట్లోకి వచ్చింది.

"మా బామ్మర్ది. ఎల్‌బీ నగర్ల షెడ్డు పెట్టిండు. చెయ్యి తిరగనోనికిస్తే గింతే పటేలా. అందరి బండ్లు ఖరాబ్ చేస్తున్నడు."

అందరి బండ్లు అన్న మాట ఎక్కడిదో నాకే తెలియదు. వినేవాళ్లున్నారని వచ్చింది. యాదమ్మ చాయ్ గ్లాసు బల్ల మీద చప్పుడయ్యేటట్టు పెట్టింది.

"శంకరా? చౌరస్తా కాడ రేకుల షెడ్డా?" అన్నాడు బాల్‌రెడ్డి. "ఆ జాగ నాదే సారూ. మిఠాయి దుకాణానికి కావాలని ఒకాయన ఆర్నెల్ల సంది నా ఎన్క తిరుగుతున్నడు. పోరడు మంచిగ పనిచేస్తడని నేనే ఆపిన. గిట్లయితే ఆపుడెందుకు? రేపు పొద్దుగాల ఒచ్చి మాట్లాడ్త."

నేను ఏదో సర్దబోయాను. ఆయన వినిపించుకోలేదు. అంతలోనే మమ్మల్ని అన్నానికి లేవమన్నాడు. అదీ ఈ ఊరి తీరు. మీ చుట్టం షెడ్డు ఖాళీ చేయిస్తానని చెప్పిన నోటితోనే అన్నం తినకుండా కదలనివ్వరు. హోటలు వెనక ఇంట్లో జొన్నరొట్టె, వంకాయ కూర, ఉల్లిగడ్డ దండిగా వేసిన పచ్చిపులుసు పెట్టారు. బాల్‌రెడ్డి భార్య యాదమ్మ తలలో పూలు పెట్టింది. ఆయన కిటికీలోంచి ఎదురుగా కనిపిస్తున్న మేడలు చూపించాడు.

"ఆ ఇండ్ల కింద మాయి ఆముదం చేన్లు. ఇప్పుడు తలకు పెట్టుకునే ఆముదం గూడ దుకాణంలనే కొంటున్నం."

చెప్పి ఆయనే గట్టిగా నవ్వాడు. నవ్వే హక్కు నాకుందో లేదో తెలియక పులుసు తాగాను.

చౌరస్తా దాకా, నడక

ఇంటికి తిరిగిపోవచ్చు. కానీ దండలు వేయించుకుని పొద్దున పోయినవాడు మధ్యాహ్నం బండి తోసుకుంటూ ఎట్లా వస్తాడు? ఎల్‌బీ నగర్ వైపే తోశాను. యాదమ్మ వెనక నుంచి తోసింది.

దసరా తర్వాత ఈ రోడ్డంతా సీతాఫలాలే. గంపలు దించుకుని కూర్చున్న ఒక ముసలమ్మ మమ్మల్ని చూసి, "బండి ఎట్లాగు నడుస్తలేదు, పండ్లన్న కొనుక్కోరి" అంది. డజను మూడు రూపాయలట. మా పల్లెలో సీతాఫలం కొన్నానని చెబితే నవ్వుతారు. గుట్ట మీద కాస్తాయి, కోసుకుంటాం. ఆ మాటే అన్నాను.

"అయితే గుట్ట తెచ్చుకోరాదు బిడ్డా" అంది ముసలమ్మ.

యాదమ్మ నవ్వింది. మూడు రూపాయలకు అది చవకే అనుకుని కొన్నాను. ఆకాశంలో నాదర్‌గుల్ నుంచి లేచిన చిన్న విమానం ఒకటి మా మీదుగా గుండ్రంగా తిరుగుతోంది. నేర్చుకునేవాళ్లు నడిపేదట. దాని ఇంజను చక్కగా పాడుతుంటే నాకు కుళ్లు పుట్టింది.

చెట్టు కింద ఆగి పండు చిదుముతూ యాదమ్మ నోరు విప్పింది.

"బండి చప్పుడు బందు చేస్తే బందైంది. నీ మాట ఎట్ల బందు చేస్తవయ్యా?"

"కోపంల అన్న."

"కోపం నీది. షెడ్డు వానిది."

గింజ ఊసి, మళ్లీ బండి వెనక్కి వెళ్లి నిలబడింది.

రేకుల షెడ్డు

మేము చేరేసరికి సాయంత్రమైంది. మాకంటే ముందే నా మాట చేరింది. సిమెంటు లారీ క్లీనరు చౌరస్తాలో దిగి, నాలుగు రంగులు పూసి చెప్పిపోయాడట. మధ్యాహ్నం ఇద్దరు వచ్చి, సగం విప్పిన తమ స్కూటర్లను అలాగే తోసుకుపోయారు. నట్లు మాత్రం కాగితంలో పొట్లం కట్టించుకున్నారట.

శంకర్ తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"రా బావా. కాళ్లు కడుక్కో" అని చెంబు ఇచ్చాడు. బావ మర్యాద మా వైపు అంత గట్టిది. తర్వాత బండి చుట్టూ ఒకసారి తిరిగి, చెయ్యి వేయకుండా అన్నాడు. "ఇయ్యాల దీన్ని ముట్ట. రేపు పటేలు ఒచ్చినంక, అందరి ముందల ఇప్పుత. తప్పు నాదైతే షెడ్డు ఇడిసిపెట్టి ఇట్నుంచి అటే పోత."

షెడ్డు వెనక గదే శంకర్‌కూ అతని భార్యకూ ఇల్లు. రాత్రి భోజనంలో గోంగూర ఉంది. రుచి తెలియలేదు.

అదే షెడ్డు, సోమవారం

బాల్‌రెడ్డి కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. చౌరస్తాలో విజయవాడ బస్సు కోసం నిలబడినవాళ్లు కూడా కొందరు సామాన్లు పక్కన పెట్టి చూడ్డానికి వచ్చారు. ఒకాయన రెండు బస్సులు వదిలేశాడు.

శంకర్ సిలిండరు తీశాడు. అడుగున పెద్ద బేరింగును పట్టుకుని ఉండే కనెక్టింగ్ రాడ్ బయటపడింది. దాన్ని నిటారుగా పట్టుకుని కిందికీ పైకీ లాగాడు. కటక్, కటక్. బాల్‌రెడ్డి చేత లాగించాడు. నా చేత లాగించాడు. కటక్.

"పటేలు జెప్పింది ఖరారే. పెద్ద బేరింగు పోయింది" అన్నాడు.

"ఇగ చూసేదేముంది మరి?" అన్నాడు బాల్‌రెడ్డి.

"ఎందుకు పోయిందో చూడాలె గద పటేలా. బేరింగు దానంతట అది చావది."

లైటు లోపలికి పట్టి చూపించాడు. చుట్టుపక్కల అంతా నూనెతో తడిగా మెరుస్తోంది. బేరింగు దగ్గర మాత్రం ఎండిపోయి, ఇనుము నీలి రంగు తిరిగింది.

"ఇక్కడికి నూనె రాలే."

"నేను చూసిన గద, ట్యాంకుల ధార మంచిగ పడ్డది" అన్నాను. ఆ మాట మాత్రం నిజం.

"పడ్తది బావా. బేరింగు దారి మూసుకపోతే, జోరు ఎక్కువై పక్క దారి తెరుచుకుంటది. గట్నుంచి మళ్ల ట్యాంకులకే పోతది. మనం జూసింది గదే."

పక్క మూత విప్పి, బేరింగుకు నూనె పంపే సన్నటి గొట్టం బయటికి తీశాడు. నోట్లో పెట్టుకుని ఊదాడు. బుగ్గలు ఉబ్బాయి, గాలి పోలేదు. తీగ కోసం వెతుకుతుంటే యాదమ్మ పుస్తెలతాడుకు ఉన్న పిన్నీసు తీసి ఇచ్చింది. "ఆగు, నువ్వు తోస్తే ఇంకా లోపలికి పోతది" అని మళ్లీ తనే తీసుకుంది. సూదులూ పిన్నీసులూ తన శాఖ. మెల్లగా గుచ్చి, తిప్పి, లాగింది. అరచేతిలో రాల్చుకుని వెలుగులోకి తెచ్చింది.

అందరూ వంగారు. బియ్యం గింజ. పచ్చటిది.

యాదమ్మ గోటితో గీరి చూసింది. "ఇది నేను కలిపిన పసుపే."

నాకు దసరా మొత్తం కళ్ల ముందు తిరిగింది. దోసిళ్లు, దండ, నా అరుపులు, "ఎయ్‌రి, ఎయ్‌రి, నిండుగ ఎయ్‌రి."

బాల్‌రెడ్డి కూడా అర్థం చేసుకున్నాడు. అయితే ఆయన లెక్క వేరేగా ఉంది. "పూజ సరే. నోరు తెరిచిన ఇంజనును వరండాల ఎట్ల ఇడిసిపెట్టినవ్‌రా శంకర్? పండుగంటే పదిమంది ఒస్తరు. గుడ్డన్న కప్పద్దా? మెకానిక్‌వా, ఏంది?"

శంకర్ నా వైపు చూడలేదు. నేల వైపు చూశాడు. గొట్టాన్ని బట్టతో తుడవడం మొదలుపెట్టాడు, తుడిచిందే తుడుస్తూ. ఆ ఒక్క మాట చెబితే షెడ్డు దక్కుతుంది. బావ పరువు పోతుందని చెప్పడం లేదు. యాదమ్మ మాత్రం నన్నే చూస్తోంది. ఆమెకూ తెలుసు.

బస్సులు వదులుకున్న ఆయన "ఖాళీ చేయించుడే మంచిది పటేలా" అన్నాడు. ఆయనకేం సంబంధమో ఇప్పటికీ తెలియదు. కానీ ఆయన అలా అనకపోతే నా నోరు ఇంకెంతసేపటికి తెరుచుకునేదో.

"కప్పిండు పటేలా" అన్నాను. "రెండు మడతల గుడ్డ కప్పి, తాడు కట్టి, బావా ముట్టకు అని చెప్పి మరీ పోయిండు. నేనే ఇప్పిన. ముసుగేసిన దేవునికి పూజేందని నేనే తీసిన. మొదటి పిడికెడు ఏసింది గూడ నేనే. నిన్న మీ హోటలు కాడ అందరి బండ్లు ఖరాబ్ చేస్తడని అన్న గద, అది ఉత్తది. వాని చేతుల ఖరాబైన బండి ఒక్కటి నాకు తెల్వదు."

అప్పుడు శంకర్ తలెత్తాడు. ముందు మూతి బిగించుకున్నాడు, తర్వాత ఆగలేకపోయాడు.

"అంటే బావా, ఇంజనుకు అన్నప్రాశన చేసినవన్న మాట!"

బాల్‌రెడ్డి నవ్విన నవ్వుకు కుర్చీ కాలు వంగింది. నవ్వి, దగ్గి, కళ్లు తుడుచుకుని, మళ్లీ నవ్వాడు. యాదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకు తిరిగింది. "నోట్లె పండ్లు రాకముందే పెట్టినట్టున్నరు" అన్నారెవరో. నేను కూడా నవ్వాను. నా మీద అంతమంది నవ్వుతుంటే అంత హాయిగా ఉంటుందని అంతకు ముందు తెలియదు.

నవ్వులు తగ్గాక శంకర్ అన్నాడు. "నా తప్పు గూడ ఉన్నది పటేలా. మూసేముందు గొట్టం ఊది చూసేది ఉండె. దీపావళి తొందరల ఇడిసిపెట్టిన."

"ఇడిసిపెట్టకు ఇంకోసారి" అన్నాడు బాల్‌రెడ్డి, లేస్తూ. "మిఠాయి ఆయనకు వేరే జాగ చూపిస్త తియ్. నా ట్రాక్టరు గురువారం పంపుత. దానికి మాత్రం ఏం తినిపియ్యకుండ్రి."

షెడ్డు వెనక గది

మిగిలిన సెలవంతా అక్కడే. శంకర్ రాణిగంజ్ పోయి బేరింగు తెచ్చాడు. లేతు మిషను దగ్గర పని చేయించుకొచ్చాడు. నేను సామాను కిరోసిన్‌లో కడిగాను. విప్పిన ప్రతి రంధ్రం మీదా అతను గుడ్డ కప్పి, నన్ను చూసి, ఇంకో గుడ్డ కప్పేవాడు. పొట్లం కట్టించుకుపోయిన ఇద్దరి ఇళ్లకూ నేనే వెళ్లి జరిగింది చెప్పాను. ఒకాయన నమ్మి స్కూటరు తెచ్చాడు. రెండో ఆయన గింజ చూపిస్తేనే అన్నాడు. యాదమ్మ దాన్ని కుంకుమ భరిణెలో దాచింది. పోయి చూపించాం. స్కూటరు తోసుకుంటూ మాతోనే వచ్చాడు.

సాయంత్రాలు చౌరస్తాలో కూర్చుని రూపాయికి నాలుగు మిర్చిబజ్జీలు తింటూ, కోదాడ పోయేవాళ్లనూ బెజవాడ పోయేవాళ్లనూ చూసేవాళ్లం. పుచ్చుకున్నవాళ్లకు సీతాఫలాలు పంచాం. నాకు తెలిసి ఇంతకంటే మంచి యాత్ర నేను చేయలేదు.

శనివారం బండి ఒక్క తన్నుకే స్టార్టయింది. బాల్‌రెడ్డి చేతికర్రతో వచ్చి చెవి పెట్టి విన్నాడు. "పిల్లి నిద్రపోతున్నట్టున్నది" అన్నాడు. శంకర్ భార్య తాంబాళంతో అక్షతలు తెచ్చింది. శంకర్ పరుగున వచ్చి పెట్రోలు మూత మీద ఒక చెయ్యి, నూనె మూత మీద ఒక చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు.

"ఇప్పుడు ఎయ్‌రి. బావ మీద ఎయ్‌రి."

వేశారు. మా వైపు వేసినట్టే వేశారు. ఇంటికి చేరేదాకా చొక్కా కాలరులోంచి గింజలు రాలుతూనే ఉన్నాయి.

మళ్లీ మా వాకిలి

కాలనీ అంతా సాగర్ విశేషాల కోసం వచ్చి కూర్చుంది. దారిలో నేనొక కథ సిద్ధం చేసుకున్న మాట నిజం. గేట్లు, నురగ, చేపల పులుసు, అన్నీ ఉన్నాయి అందులో. యాదమ్మ అందరికీ చాయ్ ఇచ్చి, నా పక్కన భరిణె పెట్టి, మూత తీసి కూర్చుంది. ఇక సాగర్ గురించి ఏం చెబుతాను? గింజ గురించి చెప్పాను. కొత్తపేటలో నేనన్న మాటతో సహా చెప్పాను.

సుబ్బారావు గారు కళ్లజోడు పెట్టుకుని గింజను అటూ ఇటూ తిప్పి చూశారు.

"దొడ్డు బియ్యమండీ, అదీ సంగతి. అందుకే ఇరుక్కుంది. మా సన్న బియ్యమైతే జారిపోయేది."

"జారి బేరింగులనే పడుతుండె అన్నా" అంది యాదమ్మ. "నాలుగు గింజలు విదిలించుడే మంచిగుండె. మీ దోసిట్ల నింపింది నేను. ఇంకోసారి నింప."

ఆయన నవ్వి లేచారు. మర్నాడు పొద్దున గోడ మీదుగా చూస్తే ఆయన స్కూటరు బయటికి తీస్తున్నారు. ఎక్కడికని అడిగాను. ఎప్పట్నుంచో ఇంజను విప్పించాలనుకుంటున్నారట, ఎల్‌బీ నగర్‌కు, శంకర్ దగ్గరికి. వెనక సీటు మీద మడత పెట్టిన పాత దుప్పటి ఒకటి తాడుతో కట్టి ఉంది.

"కప్పడానికండీ" అన్నారు.